వారానికి ఒక్కరోజు మాత్ర

సుజాతా,

నీకు కీళ్లవాతమని తేలిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొన్న కడపకు వచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పొద్దున సంగటి గెలకడానికి తెడ్డు పట్టుకోలేక, వేడినీళ్ల చెంబులో వేళ్లు పెట్టుకుని కూర్చున్నావు. పదకొండేళ్ల కిందట నాదీ అదే అవస్థ.

డాక్టరు రాసినవాటిలో మెథోట్రెక్సేట్ ఉందట కదా. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఈ మాట ఇంకోసారి చదువు. నాకు మందుల షాపులో కవరు మీద 'రోజూ రాత్రి 1' అని రాసిచ్చారు. చీటీ చూసుకోకుండా ఐదు రాత్రులు మింగేశాను. నోరంతా పూసి, మజ్జిగ తాగినా మంటే. రక్తకణాలు పడిపోయి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అప్పటినుంచి నాది గురువారం. క్యాలెండర్లో గురువారాలన్నిటికీ ముందే సున్నా చుట్టిపెట్టి, మింగాక కొట్టేస్తాను. ఈ మందు చేసే చెడు తగ్గించే విటమిన్ మాత్ర ఫోలిక్ యాసిడ్, దాన్ని డాక్టరు చెప్పిన వేరే రోజున వేసుకో.

మర్నాటికే నొప్పి పోతుందనుకోవద్దు. గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోపే ఓపిక చచ్చి, ఎవరో ఇచ్చే పొడులకు పోతారు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, నువ్వు మాత్రం ముట్టుకోకు. ఉత్త నొప్పిమాత్రలతో నెట్టుకొస్తే నొప్పి తగ్గినట్టుంటుంది కానీ లోపల కీలు పాడవుతూనే ఉంటుంది. రక్తపరీక్షలు చెప్పిన తేదీకి చేయించుకో, లివర్ సంగతి వాటిలోనే తెలిసేది. జ్వరమొచ్చి వేరే డాక్టరు దగ్గరికి పోయినా ఈ మందు పేరు ముందు చెప్పు. సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ లాంటివి దీనితో కలిస్తే ప్రమాదం. రెండో బిడ్డ ఆలోచన ఉంటే సిగ్గుపడకుండా ఇప్పుడే అడుగు. ఈ మందు వాడుతుండగా గర్భం రాకూడదు.

ఇక నీ మైగ్రేన్. నీ బ్యాగులో ఎప్పుడూ నొప్పిమాత్రల స్ట్రిప్ ఉంటుందట. నెలలో పది పదిహేను రోజులు అవి మింగితే, ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి తల్లీ. పైగా ఇప్పుడు మెథోట్రెక్సేట్ కూడా ఉంది కాబట్టి డాక్టరును అడగకుండా ఒక్కటీ వేసుకోకు. తరచూ వస్తుంటే, రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి. వాటిలో ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. చిన్నప్పుడు నీకు ఆయాసం వచ్చేది, ఆ సంగతి మర్చిపోకుండా చెప్పు.

నీకూ గురువారమే పెట్టుకోవచ్చేమో డాక్టరును అడుగు. సరేనంటే రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాను, ఇద్దరం ఒకేసారి వేసుకుందాం.

మీ పెద్దమ్మ