ఇల్లు ఫ్రిస్కోలో, పేస్టబ్ న్యూజెర్సీది: అమ్మాయికి ఇన్-స్టేట్ ఫీజు వస్తుందా?

ప్రశ్న: మేం నిరుడు ఆగస్టు 1న న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి మారాం. నాది హెచ్-1బి ఉద్యోగ వీసా, నా భార్యకీ అమ్మాయికీ నా మీద ఆధారపడిన హెచ్-4. మారేముందే కంపెనీ పనిచోటు మారుతోందని హెచ్-1బి అమెండ్‌మెంట్ వేసింది గానీ, పేరోల్‌లో నా అడ్రస్ నవంబరులో మార్చారు. అమ్మాయి 12వ గ్రేడ్ ఇక్కడే చదివింది, ఈ ఆగస్టులో దగ్గర్లోని పబ్లిక్ యూనివర్సిటీలో చేరుతోంది. వాళ్లు తనని నాన్-రెసిడెంట్ అని రాసి, రాష్ట్రవాసులకిచ్చే తక్కువ ఇన్-స్టేట్ ఫీజు కాకుండా అవుట్-ఆఫ్-స్టేట్ ఫీజు వేశారు. హెచ్-4 పిల్లలకి ఇప్పుడు ఇన్-స్టేట్ తీసేశారని వాట్సాప్ గ్రూపులో అంటున్నారు, నిజమేనా? ఇంకో సంగతి: విజయవాడ నుంచి మా అక్క కొడుకు ఎం.ఎస్.కి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వస్తున్నాడు. మా ఇంట్లో ఏడాది ఉంటే వాడికీ ఇన్-స్టేట్ వస్తుందా?

జవాబు: ముందు వాట్సాప్ మాట తేల్చేద్దాం. హెచ్-4 పిల్లలకి ఇన్-స్టేట్ తీసేయలేదు. 2025 జూన్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు వేరే విషయం మీద. ఇక్కడ మూడేళ్లు ఉండి హైస్కూల్ పూర్తి చేసినవాళ్లకి, ఇమిగ్రేషన్ పత్రాలున్నా లేకపోయినా, ఇన్-స్టేట్ ఫీజు ఇచ్చేలా 2001లో రాష్ట్రం చట్టం చేసింది. దాని మీద కేంద్రం దావా వేసిన రోజే రాష్ట్రం ఒప్పేసుకుంది. దాంతో చట్టబద్ధంగా ఉండనివాళ్లకి ఆ వెసులుబాటు పోయింది. మీ అమ్మాయి చట్టబద్ధంగానే ఉంది. పైగా తనకి టెక్సాస్‌లో మూడేళ్లు కాలేదు కాబట్టి అసలు ఆ దారిలో రావడం లేదు. తనది తల్లిదండ్రుల డొమిసైల్ దారి, అంటే మీ స్థిరనివాసం ఎక్కడో అదే తనది. ఆ దారి జోలికి తీర్పు పోలేదు.

ఆ దారికి నియమం ఇది: విద్యార్థి తల్లి గానీ తండ్రి గానీ సెన్సస్ డేట్‌కి కనీసం ఏడాది ముందే టెక్సాస్‌లో డొమిసైల్ ఏర్పరచుకుని, మధ్యలో వదలకుండా ఉండాలి. ఫాల్ సెమిస్టర్‌లో సెన్సస్ డేట్ అంటే క్లాసులు మొదలయ్యాక 12వ క్లాసు రోజు. ఆగస్టు చివర్లో క్లాసులు మొదలైతే అది సెప్టెంబరులో పడుతుంది. ఆగస్టు 1 నుంచి లెక్కేస్తే మీకు ఏడాది నిండి ఇంకో నెల మిగులుతుంది. జరిగిన సంగతి మీకు అనుకూలంగానే ఉంది, చిక్కంతా కాగితాల్లో ఉంది.

ఆ చిక్కు ఎక్కడో చెబుతాను. మీ నిరుటి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన ట్యాక్స్ చూపుతూ కంపెనీ ఇచ్చే పత్రం) తీసి 15, 16, 17 నంబర్ల గళ్లు చూడండి. అవి రాష్ట్రం పేరు, ఆ రాష్ట్రంలో జీతం, కట్టిన స్టేట్ ట్యాక్స్ రాసే గళ్లు. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి ఇక్కడి జీతానికి ఆ గళ్లు మామూలుగా ఖాళీగానే ఉంటాయి. మీ దాంట్లో మాత్రం నవంబరు దాకా వచ్చిన జీతమంతా న్యూజెర్సీ పేరు మీద పడి ఉంటుంది. ఫైలు చూసే ఆఫీసరు మిమ్మల్ని చూడరు, ఆ గడిని చూస్తారు. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఈయన న్యూజెర్సీలోనే ఉన్నాడని రాసేసుకుంటారు. అలా చూస్తే సెన్సస్ డేట్‌కి మీకు ఏడాది నిండదు.

దీనికి మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం హెచ్-1బి అమెండ్‌మెంటే. పనిచేసే చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే కంపెనీ అమెండెడ్ పిటిషన్ వేసి తీరాలని 2015లో సిమియో సొల్యూషన్స్ కేసులో తేలింది. దానికి జత చేసే ఎల్‌సీఏలో (కార్మిక శాఖకి కంపెనీ ఇచ్చే లేబర్ కండిషన్ అప్లికేషన్) కొత్త పనిచోటు అడ్రస్, తేదీ ఉంటాయి. ఆ కాపీ, పిటిషన్ అందిన రసీదు తీసుకోండి. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం కూడా అడగండి: ఫలానా తేదీ నుంచి ఈ ఉద్యోగి టెక్సాస్‌లో ఫుల్ టైమ్ పనిచేస్తున్నాడు, పేరోల్ అడ్రస్ మార్చడం మా వైపు ఆలస్యమైంది అని. ఆ రెండో వాక్యం లేని ఉత్తరం సగం పనే చేస్తుంది.

న్యూజెర్సీ స్టేట్ రిటర్న్ ఎలా వేశారో కూడా ఇవాళే చూడండి. జూలై 31 వరకే రెసిడెంట్ అని వేసుంటే అదీ మీకు సాక్ష్యమే. ఏడాది పొడవునా రెసిడెంట్ అని వేసుంటే మాత్రం మీ సంతకంతోనే మీ వాదన పోతుంది. సీపీఏతో, అంటే ట్యాక్స్ అకౌంటెంట్‌తో, మాట్లాడి ముందు దాన్ని సరిచేయించండి. ఎక్కువ కోసుకున్న ట్యాక్స్ వెనక్కి అడిగే దారి కూడా అక్కడే తెలుస్తుంది.

చాలామంది తల్లిదండ్రులు నా దగ్గరికి కరెంటు బిల్లుల కట్ట పట్టుకుని వస్తారు. లీజు, బిల్లులు, డ్రైవింగ్ లైసెన్స్ ఇవన్నీ జత చేయండి, కానీ అవి పక్కవాద్యాలే. మన హెచ్-1బి కుటుంబాలకి అసలు బలం పన్నెండు నెలల ఉద్యోగం. అమ్మాయి మీ మీద ఆధారపడిందని చూపడానికి ట్యాక్స్ రిటర్న్‌లో తన పేరున్న పేజీ పెట్టండి. ఇవన్నీ రీక్లాసిఫికేషన్ (నాన్-రెసిడెంట్ నుంచి రెసిడెంట్‌గా మార్పు) కోరుతూ, యూనివర్సిటీ ఇచ్చే కోర్ రెసిడెన్సీ ప్రశ్నల ఫారంతో కలిపి, సెన్సస్ డేట్ దాటకముందే ఇవ్వండి. ఒకవేళ ఫాల్‌కి ఒప్పుకోకపోయినా వదిలేయకండి. స్ప్రింగ్‌కి మళ్లీ అడగండి, అప్పటికి నవంబరు నుంచి లెక్కేసినా ఏడాది నిండుతుంది.

మీ మేనల్లుడి సంగతి వేరు. స్వదేశంలో ఇల్లుంది, దాన్ని వదులుకునే ఉద్దేశం లేదు అన్న షరతు మీదే ఎఫ్-1 ఇస్తారు. ఆ మాట చెప్పి వచ్చిన మనిషి ఇక్కడికొచ్చి టెక్సాసే నా స్థిరనివాసం అనడం కుదరదు. మీ ఇంట్లో ఏడాది కాదు, నాలుగేళ్లు ఉన్నా అంతే. హెచ్-1బికి ఆ షరతు లేదు కాబట్టే మీరు అనగలుగుతున్నారు. 1982లో టోల్ వర్సెస్ మొరెనో కేసులో సుప్రీంకోర్టు మేరీల్యాండ్‌లోని జీ-4 వీసా (అంతర్జాతీయ సంస్థల ఉద్యోగుల వీసా) కుటుంబాల పిల్లల వైపు నిలిచినప్పుడు కూడా ఇదే తేడా పనిచేసింది: ఇక్కడ స్థిరపడొద్దని కేంద్ర చట్టం వాళ్లకి చెప్పలేదు.

అయితే అబ్బాయికి దారులు లేకపోలేదు. టెక్సాస్ చట్టం ప్రకారం యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు వస్తే, రెసిడెంట్ కాకపోయినా ఇన్-స్టేట్ రేటు ఇవ్వొచ్చు. ఇలా ఇచ్చే సీట్లకి పరిమితి ఉంటుంది కాబట్టి ముందుగా అప్లై చేయాలి. తన కోర్సుకి సంబంధించిన సగం-టైమ్ టీఏ (టీచింగ్ అసిస్టెంట్) గానీ ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) ఉద్యోగం గానీ సెన్సస్ డేట్‌లోపు మొదలైనా ఆ రేటే పడుతుంది. వాడిని ఈ రెండింటి మీద పడమనండి. మీ అడ్రస్ చూపి రెసిడెంట్‌నని ఫారం మీద మాత్రం రాయనీయకండి. తప్పు రాస్తే ఫీజు తేడా కట్టమంటారు, వీసాకీ మచ్చ.

మీరు అడగనిది ఒకటుంది. అమ్మాయికి 21 నిండితే హెచ్-4 పోతుంది. అప్పటికి మీ గ్రీన్‌కార్డు సంగతి తేలకపోతే తనూ ఎఫ్-1కి మారాల్సి రావచ్చు, అంటే మేనల్లుడికి చెప్పిన చిక్కే డిగ్రీ మధ్యలో తనకీ ఎదురవుతుంది. స్టేటస్ మార్చే అప్లికేషన్ వేయకముందే, మారితే ఫీజు వర్గీకరణ ఏమవుతుందని రెసిడెన్సీ ఆఫీసుని అడగండి. జవాబు ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లో తీసుకోండి.