ఆకాశం చూస్తున్న గొర్రెపిల్లలు: తలలో పురుగు కాదు, బి1 లోపం కావచ్చు

ప్రశ్న: సార్, మాది ఉదయగిరి దగ్గర. కోతలయ్యాక జీవాల్ని కోవూరు దిక్కు వరి కయ్యల్లోకి తోలుకొచ్చాం. కల్లాల దగ్గర వడ్లు బాగా మేసినాయి. ఇప్పుడు రెండు పిల్లలు తల వెనక్కి విరిచి ఆకాశం చూస్తా ఉండాయి, కళ్ళు కనపడనట్టు దడిని గుద్దుకుంటా ఉండాయి. జ్వరం లేదు. తలలో పురుగు అంటుండారు, నిజమేనా?

జవాబు: అన్నా, తలలో పురుగైతే మామూలుగా ఇంత ఉన్నట్టుండి రాదు, వారాల తరబడి ముదురుతా ఒకే పక్కకి గిర్రున తిరుగుతాయి. మీరు చెప్పేది వింటుంటే విటమిన్ బి1 లోపం అనిపిస్తోంది, దీన్నే థయమిన్ అంటారు. మామూలుగా గొర్రె పొట్టలోని సూక్ష్మజీవులే బి1 తయారుచేస్తాయి, మనం పెట్టక్కర్లేదు. కానీ ఒక్కసారిగా వడ్లు ఎక్కువ తినేసరికి పొట్ట పులిసి, బి1ని విరగ్గొట్టే బాక్టీరియా పెరుగుతుంది. మెదడుకి గ్లూకోజే తిండి, అది వాడుకోవాలంటే బి1 ఉండాలి, లేకపోతే మెదడు వాచిపోద్ది, పుర్రెలో చోటు ఎక్కడుంది వాచడానికి! అందుకే ఫిట్స్, చూపు పోవడం.

ఇంట్లోనే ఒకటి చూడండి. కంటి ముందుకి చెయ్యి విసురుగా తెస్తే రెప్ప కొట్టదు, కానీ టార్చ్ వేస్తే నల్లగుడ్డు మధ్యలో ఉండే కంటిపాప చిన్నదవుతుంది. అంటే కన్ను బానే ఉంది, మెదడు దెబ్బతినింది అన్నమాట. అయినా చిటుక రోగం (పేగుల్లో బాక్టీరియా విషం తయారయ్యే జబ్బు) కూడా ఇట్టా గింజలు తిన్నాకే వస్తుంది, లక్షణాలు కలుస్తాయి, అందుకని డాక్టర్ చూడాల్సిందే.

ఆలస్యం వద్దు, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసి డాక్టర్‌ని రప్పించండి. బి1 ఇంజెక్షన్ కిలో బరువుకి 10 మి.గ్రా. లెక్కన, అంటే 20 కిలోల పిల్లకి 200 మి.గ్రా., మొదటిది నరానికి నిదానంగా, తర్వాత 6-8 గంటలకోసారి కండకి, రెండు మూడు రోజులు వేస్తారు. మెడికల్ షాపులో బి-కాంప్లెక్స్ తెచ్చి పొడిస్తే చాలదు, దాన్లో బి1 తక్కువ. మొదట్లోనే వేస్తే ఒక రోజులో తేడా తెలుస్తుంది, చూపు మాత్రం లేటుగా వస్తుంది, చచ్చిపోయిన మెదడు భాగం తిరిగి రాదు. ఫిట్స్‌లో ఉన్న పిల్ల నోట్లో గంజి, నూనె ఏదీ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోద్ది.

మిగతా మందని ఈరోజే కల్లం దగ్గర నుంచి తప్పించి ఎండుగడ్డి, పచ్చిమేత మీద పెట్టండి. రక్త విరేచనాలకని ఆంప్రోలియం అనే మందు తాపుతుంటే అది కూడా బి1ని పనిచెయ్యనివ్వదు, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి.