కొత్తగా చేరినవారు నెల తిరగకముందే ఎందుకు మానేస్తున్నారు?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీ విడిభాగాల దుకాణం ఉంది. పాతికమంది పనిచేస్తారు. జీతం తక్కువేమీ కాకపోయినా, కొత్తగా చేరిన కుర్రవాళ్లు నెల తిరగకముందే మానేస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎవరిని అడగాలో తెలియక, వందల విడిభాగాల పేర్లూ నంబర్లూ ఇంకా పట్టుబడక, తప్పు సరుకు తీసి కొనుగోలుదారుల ఎదుటే మాటపడిన కుర్రవాడికి మర్నాడు దుకాణం మెట్లెక్కడానికి మనసొప్పదు. అందుచేత ఓపిక గల పాత ఉద్యోగి ఒకరికి అతన్ని అప్పగించి, ఆ నేర్పే సమయాన్ని కూడా పనిగానే లెక్కించండి. మిగిలిన ఏర్పాట్లన్నింటికంటే ఇదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఎందుకంటే అమ్మకాల ఒత్తిడిలో ఉన్న పాతవారు, తమ పని ఆగిపోతుందన్న భయంతోనే తరచుగా కొత్తవారిని కసురుకుంటారు. తప్పు జరిగితే పక్కకు పిలిచి చెప్పండి. బాగా చేసిన పనిని అందరి ముందూ మెచ్చుకోండి. వారానికొకసారి మీరే అతని ఇబ్బందులు అడగండి.

నియామక పత్రం తొలిరోజే ఇవ్వండి. 20 మంది, అంతకు మించి పనిచేసేచోట భవిష్యనిధి (పీఎఫ్) వర్తిస్తుంది. నెల వేతనం 21,000 రూపాయలు దాటనివారికి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఉంటుంది. వెంటనే నమోదు చేయించి, జబ్బు చేస్తే గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రికి ఎలా వెళ్లాలో కూడా వివరించండి.