శ్రమదినాల ముందు మా అయ్యగారికి

బాబూ,

వందనాలు. ఊరంతా నిన్ను అయ్యగారూ అంటున్నా నాకు బాబువే, ఏమీ అనుకోకు. పాస్టరుగా నీ మొదటి పాస్టరేట్, పెద్ద గుడితో కలిపి ఏడు సంఘాలు, ఇంతలోనే ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసం, శ్రమదినాలు వచ్చేస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా. వాక్యం నీకు నేను చెప్పేదేముంది! ముప్పై ఏళ్లు స్త్రీల మైత్రిలో, అదే మన గుడి ఆడవాళ్ల సంఘంలో, ఇల్లిల్లూ తిరిగినదాన్ని, ఆ ఇళ్ల సంగతి చెప్తాను.

2027లో శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28. అంటే మన ఖమ్మం వైపు సరిగ్గా మిరపకోతల రోజులు. ఆడవాళ్లు తెల్లారకముందే ఆటో ఎక్కితే దీపాలు పెట్టే వేళకి దిగుతారు. ఒళ్లంతా ఘాటు. స్నానం చేసినా చేతుల మంట పోదు, ఆ చేతులతోనే వండి పిల్లలకు పెట్టాలి. నువ్వు సాయంత్రం ఆరింటికి ప్రార్థన కూటం పెడితే వచ్చేది నాలాంటి పెన్షన్ మనుషులే. ఎనిమిదింటికి పెట్టు. ఒక పాట, ఒక వాక్యం, ప్రార్థన, ముప్పావు గంటలో అయిపోవాలి. కూర్చున్నచోటే నిద్రపోయినవాళ్లను లేపకు. మైకు మాత్రం వద్దు. పది, ఇంటర్ పిల్లలకు పరీక్షలు దగ్గరపడే కాలం.

ఇంటింటి కూటాల గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఏడాది నలభై రోజులు నలభై ఇళ్లలో పెడదామని పేర్లు రాసింది నేనే. మొదటి ఇంట్లో టీ, బిస్కెట్లు ఇచ్చారు. నాలుగో ఇంట్లో గారెలు. పదో ఇంటికొచ్చేసరికి బిర్యానీ అయింది. ఉపవాస దినాల్లో బిర్యానీ! అందరం తిన్నాం, నేనూ తిన్నాను. ఇరవయ్యో ఇల్లో ఎంతో, ఒక విధవరాలి ఇల్లు. ఆవిడా అందరితో పాటే పెట్టింది. చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే నీళ్ల పొయ్యి మీద ఇత్తడి కాగు లేదు. ఎప్పుడు వెళ్లినా తళతళలాడుతూ ఉండేది. కాగేదమ్మా అంటే నవ్వి, మెరుగుకిచ్చానంది. తాకట్టు పెట్టిందని వారం తర్వాత తెలిసింది. విడిపించి ఇచ్చాంలే, కానీ ఆవిడ మళ్లీ మా కూటానికి రావడానికి రెండేళ్లు పట్టింది. అప్పట్నుంచి మా సంఘంలో ఏ ఇంట్లోనైనా మంచినీళ్లే. మజ్జిగ కూడా ఒప్పుకోం. మజ్జిగతో మొదలైతే ఎక్కడిదాకా పోతుందో నాకు తెలుసు. మొదటి ఆదివారమే గుడిలో ఈ మాట నువ్వే చెప్పు. నువ్వు చెప్తే ఎవరికీ చిన్నతనం ఉండదు.

భస్మ బుధవారం నుదుట పెట్టే బూడిద సంగతి. కిందటేడు ఈస్టర్ ముందు వచ్చిన మట్టల ఆదివారం మట్టలు దాచి ఉంటే మూకుట్లో కాల్చి, పల్చటి గుడ్డలో జల్లించు. నీళ్లతో కలపకు, బూడిదనీళ్లు చర్మాన్ని కాలుస్తాయి. రెండు చుక్కల నూనె చాలు. పెద్దవాళ్లలో కొందరు "ఇదేంటయ్యా, మనకీ విభూతా?" అంటారు. వాదించకు. "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అన్న మాట చదివి, పెట్టించుకునేవాళ్లకు పెట్టు, వద్దన్నవాళ్ల తల మీద చెయ్యుంచి ప్రార్థన చెయ్యి. బొట్టు మాన్పించడానికి వాళ్ల తాతలు ఎంత గొడవ పడ్డారో వాళ్లకు తెలుసు, నీకు తెలీదు.

ఒక్కపొద్దు ఎవరుండాలి, ఎవరుండకూడదు అనేది కూడా చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లు, బాలింతలు, ఎండలో కూలికెళ్లేవాళ్లు తినాలి. తినమని నువ్వే అనాలి, లేకపోతే భయపడి చెప్పకుండా ఉంటారు, పొలంలో పడిపోతారు. నాకూ షుగరే, నేను టీ మానేస్తాను. మొదటి వారం నా కోపం ఎలా ఉంటుందో మీ పెదనాన్ననడుగు. ఇంకొకటి, భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులొస్తాయి. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు తినమని చెప్పు. ఈసారి రంజాన్ నెల కూడా దాదాపు అప్పుడే మొదలవుతుంది. వాళ్లు చుక్క నీళ్లు ముట్టట్లేదు, మీరేంటి అని ప్రసంగంలో పోలికలు పెట్టకు. "తల అంటుకొని, ముఖము కడుగుకొనుము" అన్నాడు ప్రభువు, పక్కింటి ముఖం చూడమనలేదు.

లేనివాళ్లకోసం ఇంటింటా తీసిపెట్టే పిడికెడు బియ్యం మాత్రం వదలకు. పూటకో పిడికెడు, రోజుకి రెండు. పిడికెడు నలభై గ్రాములనుకున్నా నలభై రోజులకు ఇంటికి మూడు కిలోల పైన. అరవై ఇళ్లుంటే దాదాపు రెండు క్వింటాళ్లు. ఎసట్లో పోసేముందు తియ్యాలి, మిగిలినవి కాదు. అక్కడే పిల్లలకు అలవాటవుతుంది, ఆ పని వాళ్లకే ఇవ్వు. పంచేటప్పుడు గుడి ముందు వరసలో నిలబెట్టి ఫోటోలు తీసి స్టేటస్ పెట్టే కుర్రాళ్లుంటారు, వాళ్ల ఫోన్లు ముందే తీసుకో. చీకటి పడ్డాక ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. మన సంఘం వాళ్లకే అని గిరి గీయకండి.

శ్రమదినాల్లో పెళ్లిళ్లు చెయ్యం కదా, అయినా ఒత్తిడి వస్తుంది, ఫంక్షన్ హాలు దొరికింది అయ్యగారూ అంటారు. జనవరిలోనే కమిటీతో చెప్పించెయ్.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు వరకు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఒక్కొక్కరికి పావుగంట, గడియారం నీ చేతిలో ఉండాలి. ఏడుగురూ పెద్దమనుషులే అయితే సాయంత్రమైనా కదలరు. "దప్పిగొనుచున్నాను" అన్న మాట ఒకసారి మా దగ్గర కోతలకెళ్లే అమ్మాయికిచ్చాం. నాలుగు నిమిషాలే మాట్లాడింది. మేస్త్రీ నీళ్ల క్యాను మర్చిపోయిన రోజు గురించి చెప్పి కూర్చుంది. ఆ తర్వాత మాట్లాడాల్సినాయన కాసేపు లేవలేదు.

ఈస్టర్‌కి సమాధుల తోట బాగుచేసే పని మాత్రం చివరి రోజుదాకా వాయిదా వెయ్యకు. వారం ముందే ముళ్లకంపలు కొట్టించు. సున్నం, కుంచెలు ముందే కొని పెట్టు, ఈస్టర్ ముందు శనివారం అన్ని సంఘాలూ ఒకేసారి కొంటాయి, అంగట్లో దొరకదు. ఎవరి సమాధికి వాళ్లు వేసుకుని వెళ్లిపోతారు. పిల్లలు లేనివాళ్లవి, ఊరొదిలి పోయినవాళ్లవి మిగిలిపోతాయి. వాటికి యూత్ పిల్లల్ని పెట్టు, ఈస్టర్ తెల్లవారుజామున అక్కడా ఒక్కో కొవ్వొత్తి వెలిగించమను. అగ్గిపెట్టెలు నాలుగైదు ఉంచుకో, ఆ వేళ గాలెక్కువ.

కోడలికి, పిల్లకి ముద్దులు.

మీ పెద్దమ్మ