కామెడీ నేర్పితే వస్తుందా?

ప్రశ్న: నాటక పరిషత్తుల్లో హాస్య పాత్రలు వేస్తుంటాను. ఈమధ్య మా పిల్లలకు కామెడీ నేర్పమని ఒకరిద్దరు అడిగారు. ఇంట్లోవాళ్లేమో అది పుట్టుకతో రావాలిగానీ నేర్పితే వస్తుందా అంటున్నారు. నటిస్తూ, నేర్పుతూ బతకొచ్చా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: నిక్షేపంగా నేర్పొచ్చండి. చలాకీతనం పుట్టుకతో వస్తుందేమోగానీ టైమింగు, ఎదుటివాడి మాట చెవిన పెట్టడం, జనం నవ్వుతున్నంతసేపు ఆగి ఆ నవ్వు పూర్తిగా చల్లారకముందే తర్వాతి డైలాగ్ అందుకోవడం, ఇవన్నీ సాధనతోనే వస్తాయి. అమెరికాలో డెల్ క్లోజ్ అని ఒకాయన ఉండేవాడు. స్క్రిప్టు లేకుండా స్టేజీ మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ ఆడే హాస్యంలో ముందు నటుడిగా నిలదొక్కుకుని, తర్వాత షికాగోలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు. మధ్యమధ్య సినిమాల్లో చిన్న వేషాలూ వేశాడు. 1999లో పోయాడు. బిల్ మర్రే, టీనా ఫే లాంటి పేరున్న అమెరికా హాస్యనటులు ఆయన శిష్యులే. జోకు కోసం వెంపర్లాడకుండా పక్కవాడు అన్నమాటని నిజమనుకుని ఆడమనేవాడు.

మనకు ఇంకా దగ్గరి పాఠం కావాలంటే 1987లో వచ్చిన ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ ఉత్తన్నం తినే సీను మళ్లీ చూడండి. నేను నవ్విస్తున్నాను అన్న ధ్యాసే ఆ ముఖంలో కనిపించదు. ఆ పిసినారికి అది నిజంగా భోజనం, అంతే! మీ పిల్లలకీ ఇలాంటిదే ఇవ్వండి, ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టి పెళ్లి భోజనం చేయమనండి, నవ్వించమని మాత్రం అనొద్దు. ఎవడు నిజంగా ఆకలితో తింటాడో వాడే నవ్విస్తాడు.

ఇక బతుకుతెరువు. బ్రహ్మానందం అత్తిలిలో, ఎమ్మెస్ నారాయణ భీమవరంలో లెక్చరర్లుగా పనిచేస్తూనే సినిమాల్లోకి వెళ్లినవాళ్లు. కాబట్టి ఇప్పుడున్న సంపాదన ఏదైనా సరే, మొదట్లోనే వదిలేయకండి. తెలిసినవాళ్లని మొహమాటపడి ఫీజు మానేయొద్దు, సినిమా ఛాన్స్ ఇప్పిస్తానని ఎవరికీ ఆశ పెట్టొద్దు, అది చాలా పాపం. పరిషత్తులు కూడా వదలకండి. జనం ముందు నిలబడటం మానేసిన మాస్టారికి ఇవాళ్టి జనం ఎక్కడ నవ్వుతున్నారో తెలియకుండా పోతుంది. బ్యాచ్‌కి పదిమంది చాలు. అంతకు మించితే ఒక్కొక్కరినీ లేపి ఆడించి, తప్పు చెప్పి, మళ్లీ ఆడించే టైమే ఉండదు.