కుండీలో మొక్కకు ఎంత ఎండ?

ప్రశ్న: నర్సరీ నుంచి తెచ్చిన ఎచెవేరియాను (ఆకుల్లో నీరు దాచుకునే దళసరి ఆకుల మొక్క) డాబా మీద పెట్టాను. మూడో రోజుకే ఆకుల మీద తెల్లటి మచ్చలు పడి, తర్వాత గోధుమరంగుకు తిరిగాయి. నీళ్లు చాలలేదా? తెగులా?
(ఒక పాఠకురాలు, బల్లార్షా)

జవాబు: రెండూ కాదమ్మా, ఎండదెబ్బ. మచ్చను వేలితో తడిమి చూడండి. పొడిగా, గరుకుగా, కాస్త లోపలికి అణిగి, ఎండ పడిన వైపే ఉంటే కాలిన మచ్చే. కుళ్లయితే ఆకు మొదలు మెత్తబడి, నీరుపట్టినట్టు కనిపిస్తుంది. కాలిన చోటు మళ్లీ పచ్చబడదు. అలాగని ఆ ఆకులు తుంచకండి, మిగతా భాగం పనిచేస్తూనే ఉంటుంది.

నర్సరీలో ఆ మొక్క గ్రీన్ నెట్ (నీడనిచ్చే పచ్చ వల) కింద పెరిగి ఉంటుంది. పైగా ఈ మొక్కలు నీటి పొదుపు కోసం ఆకుల రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. మామిడాకులా నీటిని ఆవిరి చేసి చల్లబడే వీలు పగటిపూట వీటికి లేదు. ఎచెవేరియాల్లో ఎక్కువ రకాల పుట్టిల్లు మెక్సికో కొండలు. అక్కడ ఎండ గట్టిదే, కానీ గాలి చల్లన. మీ దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది.

ముందు నాలుగు రోజులు వెలుతురు బాగా ఉన్న నీడలో ఉంచండి. తర్వాత పొద్దున గంటసేపు లేత ఎండ చూపించి, రెండు మూడు రోజులకోసారి అరగంట చొప్పున పెంచుకుంటూ పోండి. మూడు నాలుగు వారాలకు ఉదయం నాలుగు గంటల ఎండ తట్టుకుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా పదింటి తర్వాత 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండను ఆపే వల) తప్పదు. నెట్‌ను మొక్కలకు రెండడుగుల ఎత్తున కట్టండి. నల్ల ప్లాస్టిక్ కుండీని కాలే స్లాబు మీద పెడితే వేళ్లు ఉడికిపోతాయి, కింద ఇటుకలు పెట్టండి. ఆకు మీది బూడిదలాంటి పూతను తుడవకండి, ఎండ నుంచి కాచేది అదే.

ప్రశ్న: మాది దక్షిణం బాల్కనీ. చలికాలమంతా గులాబీ పువ్వులా ముడుచుకుని ఉన్న ఎచెవేరియా జూన్ నుంచి కాడ సాగి, ఆకులు ఎడమై వాలిపోయింది. ఎందుకు?
(ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: బాల్కనీ మారలేదు, సూర్యుడు మారాడు. డిసెంబరు చివర బరంపురంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఎండ బాల్కనీ లోపలిదాకా వస్తుంది. మే మూడో వారం నుంచి జులై నాలుగో వారం దాకా నడినెత్తికి కాస్త ఉత్తరంగా పోతాడు. అప్పుడు మీ బాల్కనీకి నేరుగా ఎండే పడదు, పైగా వానమబ్బు. వెలుతురు కోసం మొక్క సాగింది.

ఆ రెండు మూడు నెలలు వాన తగలని తూర్పు వైపుకు మార్చండి. ఎండ తగ్గినప్పుడు నీళ్లూ తగ్గించాలి. మట్టి అడుగుదాకా ఆరాక, ఇంకో రెండు రోజులు ఆగి పోయండి. ఈ కాలంలో చచ్చే మొక్కల్లో ఎక్కువ భాగం నీడలో తడి ఆరక కుళ్లేవే.

సాగిన కాడ తిరిగి పొట్టిది కాదు. వానలు తగ్గాక తలను రెండు మూడు సెంటీమీటర్ల కాడతో కోసి, నీడలో నాలుగైదు రోజులు ఆరనిచ్చి, సగం గరుకు ఇసుక కలిపిన పొడిమట్టిలో నాటండి. వారం దాకా నీళ్లు వద్దు. మోడును పారేయకండి, పక్కన పిలకలు వస్తాయి.

ప్రశ్న: ఇంట్లో తూర్పు కిటికీ ఒక్కటే ఉంది. ఇలాంటి దళసరి ఆకుల మొక్కల్లో ఏవి బతుకుతాయి?
(ఒక పాఠకురాలు, జయపురం)

జవాబు: హవర్థియా, గాస్టీరియా. ఇవి పొదల నీడన పెరిగే రకాలు, పొద్దుటి రెండు గంటల ఎండ చాలు. కిటికీకి రెండడుగుల లోపే పెట్టి, వారానికోసారి కుండీని పావు వంతు తిప్పండి. హవర్థియా ఎర్రబారితే ఎండ ఎక్కువైనట్టు, పాలిపోయి ఆకులు సాగితే తక్కువైనట్టు. ఇంకా లోపలికైతే స్నేక్ ప్లాంట్. అడీనియం (ఎడారి గులాబీ) మాత్రం కిటికీ కోసం కొనకండి, రోజుకు ఆరు గంటల నేరు ఎండ లేనిదే అది సరిగా పూయదు.