మూల కణాల మార్పిడి తరువాత వ్యాయామమా? కుర్చీలోంచి లేవడంతో మొదలుపెట్టండి

మూల కణాల (రక్తాన్ని తయారుచేసే కణాల) మార్పిడి జరిగి మీ నాన్నగారు ఇంటికి వచ్చారనీ, వ్యాయామం చేయిస్తే ప్రమాదమేమోననీ అడిగారు. చేయించండి. నన్నడిగితే అసలు ప్రమాదం మంచంలోనే ఉంది. ఎక్కించిన కణాలు ఎముక మజ్జలో ఒకసారి పట్టుకున్నాక రక్తం కౌంట్లు వాటంతట అవే పెరుగుతాయి. తొడల్లో కరిగిపోయిన కండ మాత్రం పడుకున్నంత కాలం తిరిగి రాదు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆయనకు మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే ఒక రక్త క్యాన్సర్. విశాఖలో మార్పిడి చేయించాం. ఆయన రక్తంలోంచే కణాలు తీసి దాచి, మెల్ఫలాన్ అనే తీవ్రమైన క్యాన్సర్ మందు ఇచ్చి, ఆ కణాలనే మళ్లీ ఎక్కించారు. కౌంట్లు లేచాయి, ఇంటికి పంపారు, బంధువులంతా గండం గడిచిందన్నారు.

ఇంటికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం పెరట్లో పీట మీద కూర్చుని కాళ్లు కడుక్కున్నారు. లేవబోతే లేవలేకపోయారు. నొప్పి లేదు, తల తిరగడం లేదు. రెండు చేతులూ నేలకు ఆనించారు, పక్కకు ఒరిగారు, మోకాళ్ల మీదికి వచ్చి నూతి గట్టు పట్టుకున్నారు. అయినా నడుము పైకి రాలేదు. లుంగీ తొలగినప్పుడు చూశాను. మోకాలి చిప్ప కన్నా దాని పైభాగం సన్నగా ఉంది. పొద్దున్నే వరండాలో అటూ ఇటూ నడిచిన మనిషి ఆయన!

కారణం తరువాత తెలిసింది. వారాల తరబడి పడక, తిండి సయించకపోవడం, వాటికి తోడు మార్పిడికి ముందు నుంచీ వాడిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. స్టెరాయిడ్లు ముందుగా తినేది తొడల, తుంటి కండనే. అందుకే చదునైన నేల మీద నడవగలిగినవారు కూడా మెట్టు ఎక్కలేరు, పీట మీంచి లేవలేరు. ఇది డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క లేదు. శ్రమ పడకూడదని ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి ఊరుకున్నారు. మా ఆయన ఒడియా బడిలో చదివారు, ఇంట్లో తెలుగు చదువుతారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలని ఆయన అంత పోరాడినా, ఇన్నేళ్ల తరువాత కూడా రోగికి అర్థమయ్యే భాషలో ఒక్క పేజీ ఇవ్వడానికి ఎవరికీ తీరిక లేదు.

తరువాతి తనిఖీకి వెళ్లినప్పుడు అక్కడి ఫిజియోథెరపిస్టు అమ్మాయి దారి చూపింది. చేతులున్న గట్టి కుర్చీని జారకుండా గోడకు ఆనించాలి. సీటు మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాలి. పాదాలు వెనక్కి లాక్కుని, ఛాతీ కాస్త ముందుకు తెచ్చి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా నెమ్మదిగా దిగాలి. ఆ దిగడం కూడా కండను పెంచుతుందని గట్టిగా చెప్పింది. మా ఆయన ‘ఎక, దుయి, తిని’ అని ఒడియాలో లెక్కపెట్టుకుంటూ చేసేవారు. మూడోసారికే తొడలు వణికేవి. కాసేపు ఆగి మళ్లీ లేచేవారు. కొన్నాళ్లకు ఒక దిండు తీశాం, ఆ తరువాత రెండోది.

ఇంట్లో మాత్రం యుద్ధమే. అత్తగారు “వాణ్ణి పడుకోనివ్వమ్మా” అనేవారు. ఆడపడుచు ఫోనులో “అన్నయ్యను కష్టపెట్టకు వదినా” అని ఏడ్చింది. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ 1990లలోనే జర్మనీ వైద్యులు ఇలాంటి రోగుల చేత ఆసుపత్రి మంచం మీదే సైకిల్ పెడళ్లు తొక్కించారు. తొక్కినవారిలో బలం తక్కువగా తగ్గిందని తేలింది. మన దగ్గరేమో ఇంకా దుప్పటి కప్పడమే సేవ.

ఇక యోగా వీడియోలు పంపే బంధువులు వేరే. మైలోమా ఎముకలను తొలుస్తుంది. వెన్నుపూస బలహీనంగా ఉన్నవారి చేత సూర్య నమస్కారాలు చేయిస్తే పూస విరగవచ్చు. నడుము బాగా ముందుకు వంచడం, తిప్పడం, బరువులెత్తడం డాక్టర్ ఎముకల స్కాన్ చూసి సరే అనేదాకా వద్దు.

మాకు చెప్పిన హద్దులు ఇవి. ప్లేట్‌లెట్లు 20,000 కన్నా తగ్గితే మెల్లగా నడవడం తప్ప మరేమీ వద్దు. హిమోగ్లోబిన్ 8 లోపు ఉన్నా, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా ఆ రోజుకు ఆపేయాలి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే వ్యాయామం మాట మరిచి వెంటనే ఆసుపత్రికి ఫోను చేయాలి. మీ డాక్టర్ వేరే అంకెలు చెబితే అవే పాటించండి. మెడ దగ్గర మందులు ఎక్కించే గొట్టం ఇంకా ఉంటే చేతులతో చేసేవి అడిగాకే.

నడక ఇంట్లోనే నయం. మా వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు. రోగనిరోధక శక్తి తగ్గి ఉన్నప్పుడు ఆ దుమ్ములో ఉండే బూజు ఊపిరితిత్తులకు పట్టుకోవచ్చు. మొక్కల మట్టి తవ్వడం కూడా అందుకే వద్దన్నారు. మహేంద్రతనయ ఒడ్డున నడవాలని ఆయనకు ఎంత మనసైనా చాలాకాలం ఆపాను.

మీ నాన్నగారివి సొంత కణాలా, దాత ఇచ్చినవా అన్నది మీరు రాయలేదు. దాతవైతే ఆ కణాలు రోగి ఒంటి మీదే దాడి చేయవచ్చు, దాన్ని అణచే స్టెరాయిడ్లు నెలల తరబడి సాగవచ్చు, అప్పుడు తొడల సంగతి ఇంకా ముందే చూసుకోవాలి. ఎండలో నడిపించకండి. ఒంటి మీద కొత్తగా దద్దుర్లు కనిపిస్తే తరువాతి తనిఖీ దాకా ఆగకుండా అదే రోజు చెప్పండి.